అడుగు పొర చెరపనివాడు

గాంధీనగర్‌లోని మా ఫ్లెక్సీల షాపులో గంగాధర్ పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఓనరుగా నేను అతన్ని తిట్టని రోజు లేదు. పనిదొంగ అని కాదు. ఒక్క ఫైలూ చెరపడు, అదీ నా మంట.

ఫొటోషాప్‌లో పనంతా లేయర్ల మీదే. లేయరంటే పొర. పెళ్ళికొడుకు ఒక పొర, వెనక పందిరి ఒక పొర, పేర్లు ఇంకో పొర. పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే ఆ పొర మాయం, మళ్ళీ నొక్కితే ప్రత్యక్షం. పనయ్యాక ఎవరైనా అన్నీ కలిపేసి ప్రింటుకి పంపి, మిగతాది పారేస్తారు. గంగాధర్ పారేయడు. వచ్చిన ఫొటోని వచ్చినట్టే అడుగున ఉంచి, దాని నకలు మీదే చెయ్యి పెడతాడు. కంప్యూటర్ మొరాయించి నేను గొంతు చించుకుంటే, "అడుగుది ఉంటే పైవి ఎన్ని పాడైనా పర్లేదు మేడమ్" అంటాడు. వాడి సొమ్మేం పోయింది, హార్డ్ డిస్కులు కొనేది నేను కదా.

అతనిది చల్లపల్లి. తల్లి రత్తమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మి ముగ్గురు పిల్లల్ని పెంచింది. పెద్దవాడు నాగులు, తర్వాత గంగాధర్, ఆఖర్న సుధామణి. గంగాధర్ పదో తరగతికి వచ్చేదాకా ఆమెది వేలిముద్రే. ఆ ఏడు అతనే పక్కన కూర్చోబెట్టుకుని సంతకం నేర్పాడు. అతని ప్రోగ్రెస్ కార్డు మీద మొదటిసారి 'రత్తమ్మ' అని రాసింది. చేపలు కడిగిన చెయ్యి ఆరలేదేమో, చివరక్షరం మీద తడివేలు తగిలి తలకట్టు అలుక్కుపోయింది. ఆ కార్డుని గంగాధర్ షాపులో తన సొరుగులోనే దాచుకున్నాడు.

పోయినేడు రత్తమ్మ చనిపోయింది. మంచాన పడ్డ రెండేళ్ళూ చూసింది సుధామణే. ఉన్న రెండు గదుల ఇల్లు ఆడపిల్లకేనని ఆ తల్లి బతికుండగా చెప్పింది, కొడుకులిద్దరూ తలూపారు. కాగితం మాత్రం ఎవరూ రాయించలేదు.

పెద్దకర్మకి మూడు రోజుల ముందు నాగులు షాపుకొచ్చాడు. "సంపూర్ణమ్మగారూ, మా అమ్మ ఫ్లెక్సీ మా తమ్ముడి చేతే చేయించాలండీ" అన్నాడు. తర్వాత తమ్ముడి భుజం మీద చెయ్యేసి, "ఒరే, ఫొటో కింద అమ్మ సంతకం వేయిద్దాంరా. చదువురాని మనిషి నేర్చుకుంది, ఊళ్ళో అందరూ చూడాలి" అన్నాడు. గంగాధర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధమెందుకు, నాకూ తిరిగాయి.

గంగాధర్ కార్డు స్కాన్ చేసి, కాగితం పసుపంతా తీసేసి, సిరా ఒక్కటే మిగిల్చాడు. అలుక్కుపోయిన తలకట్టుకి ఏం చేయాలో పాలుపోక, మొదటక్షరం తలకట్టుని నకలు తీసి చివరక్షరానికి అతికించాడు. సాయంత్రం దాకా దానిమీదే కూర్చున్నాడు. నాగులు చూసి, "అచ్చం అమ్మేరా. సంతకం ఒక్కటీ విడిగా నా ఫోన్‌కి పంపు, దాచుకుంటాను" అన్నాడు. పంపాడు.

మూడు నెలలకి సుధామణి వచ్చింది. చేతిలో ఒక జిరాక్స్. ఇల్లు నాగులుకి రాసినట్టు వీలునామా, కింద రత్తమ్మ సంతకం.

"నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. అసలు కాగితం ప్లీడరు దగ్గరుందంట" అంది. "చిన్నన్నయ్యా, అమ్మ నాకో మాట చెప్పి వాడికో కాగితం రాసిందా? రెండేళ్ళు నా చేతి ముద్ద తింటూనే?" అంది.

గంగాధర్ జిరాక్స్ అందుకుని చూశాడు. ఆ సంతకం మీద వేలు పెట్టి చూపించాడు. "మొదటక్షరం తలకట్టూ చివరక్షరం తలకట్టూ ఒకటే చూడు. మనిషి చెయ్యి రెండుసార్లు ఒకేలా గీయదు. ఇది అమ్మ పెట్టింది కాదే. నేను చేసింది."

ఫైలు తెరిచి కన్ను గుర్తులు ఒక్కొక్కటే నొక్కాడు. అతుకు పోయింది. శుభ్రం చేసిన సిరా పోయింది. అడుగు పొరలో పసుపు కాగితం, సంతకం చివర తడి మరక. సుధామణి తెర మీద ఆ మరకని ముట్టుకుంది.

"ఇది అమ్మ వేలు" అంది.

గంగాధర్ అక్కడే స్పీకర్ పెట్టి నాగులుకి ఫోన్ చేశాడు. అవతలి గొంతులో తడబాటు కూడా లేదు. "నన్నేం అడుగుతావురా? తయారుచేసింది ఎవరు? నీ కంప్యూటర్లోనే ఉందిగా. కేసంటూ అయితే ముందు లోపలికెళ్ళేది నువ్వే. నోర్మూసుకుని ఆ ఫైలు తీసెయ్."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాను గానీ, తల్లి కర్మ పేరు చెప్పి తమ్ముడి ఏడుపుని ఇలా వాడుకున్నవాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఆ వెధవకి నా షాపులో టీ తెప్పించి ఇచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అయినా నేనేం తక్కువ తిన్నాను? షాపు పేరు బజార్న పడుతుందని భయమేసి, "చెరిపెయ్ గంగాధర్" అనేశాను. పదకొండేళ్ళలో మొదటిసారి నా మాటకి ఎదురు చెప్పాడు.

"చెరిపితే దీనికి ఇల్లుండదు మేడమ్."

ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. సొరుగులోంచి ప్రోగ్రెస్ కార్డు తీశాడు. "పద చెల్లాయ్, మనమూ ఓ ప్లీడర్ని చూసుకుందాం. ఎలా చేశానో నేనే చెబుతాను" అన్నాడు.

సుధామణి కార్డు అందుకుని చీరకొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాత పెన్‌డ్రైవ్ కోసం చెయ్యి చాపింది.

"ఇది నా దగ్గర ఉండనీ. నేను వెళ్ళి చూపిస్తాను. పిలిచినప్పుడు వచ్చి చెప్పు చాలు."

"నేనే కదే ఇది బయటపెట్టింది. నన్ను నమ్మవా?" గంగాధర్ పెన్‌డ్రైవ్ ఆమె చేతిలో పెట్టాడు. "నీ అన్నయ్యనే."

ఆమె గుమ్మం దగ్గర ఆగింది, వెనక్కి మాత్రం తిరగలేదు.

"వాడూ అన్నయ్యే" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.