కోడూరులో రత్నం వాళ్ళమ్మ

ఉప్పెన తర్వాత మా ప్లటూన్ బందరు చేరేసరికి వాన వెలిసింది. గుడివాడ మా ఊరే అయినా ఇంటివైపు తిరిగి చూసే వీల్లేదు. రోడ్డు మీద పడ్డ తాడిచెట్లు నరుక్కుంటూ చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా కోడూరు వెళ్ళాం. రైఫిళ్ళు బందరులోనే వదిలేశాం. మాకిచ్చినవి పారలు, గునపాలు, రబ్బరు బూట్లు, ముక్కుకి కట్టుకునే గుడ్డ, కిరసనాయిలు డబ్బాలు. పేపర్లో ఫోటోలు చూసినవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు, ఎలా ఉండేదండీ అని. ఫోటోకి వాసన ఉండదు. అంతకన్నా నేను చెప్పను.

ఆర్డరు ఒకటే. శవం కనపడిన చోటే కాల్చెయ్యాలి, పశువైనా మనిషైనా. అంటురోగాల భయం. పొద్దస్తమానం వైర్‌లెస్ ఆపరేటర్ గొంతొక్కటే వినపడేది.

“కట్టెలు తడి. ఇంకా కిరసనాయిలు పంపండి. ఓవర్.”

కోడూరు అనగానే నాకు రత్నం గుర్తొచ్చాడు. బంగ్లాదేశ్ యుద్ధంలో నా పక్కనే ఉండేవాడు. ఇరవై రెండేళ్ళవాడు. ఇక్కడి క్రైస్తవుల పేట వాడిది. నన్ను బావా అని పిలిచేవాడు. సముద్రం ఎరక్క కాలవలో మునిగే గుడివాడోళ్ళు కూడా యుద్ధానికొచ్చారని ఏడిపించేవాడు. అక్కడ ఒక ఏటిగట్టు ఎక్కుతుండగా మెషిన్‌గన్ గుళ్ళు తగిలి పోయాడు. ఇంటికి టెలిగ్రాం వెళ్ళింది, తర్వాత వాడి బట్టల పెట్టె వెళ్ళింది. మనిషి వెళ్ళలేదు.

పేటలో వాళ్ళమ్మ బతికే ఉంది. చర్చి డాబా ఎక్కి బయటపడిందట. నేను ఫలానా అని చెప్పుకోగానే చెయ్యి పట్టుకుని చేలోకి లాక్కెళ్ళింది. తుమ్మకంప కింద రత్నం వాళ్ళ నాన్న శవం. మావాళ్ళు అప్పటికే డబ్బా మూత తీస్తున్నారు. ఆవిడ వెళ్ళి అడ్డంగా కూర్చుంది.

“మట్టి చెయ్యాలి బాబూ. ప్రభువు రాకడ నాడు సమాధిలోంచి లేవాల్సిన మనిషి. బూడిదైతే ఎట్టా లేస్తాడు?”

సుబేదారుగారిని బతిమాలాను. తమిళాయన, మెత్తని మనిషి. మధ్యాహ్నం లోపు కానిమ్మన్నాడు. సమాధుల తోటలో మోకాలిలోతు నీళ్ళు. చేలో తవ్వితే పార దిగిందో లేదో ఉప్పునీరు ఊరింది. గట్టు మీద తవ్వాం, అదీ అంతే. దింపితే శరీరం పైకి తేలింది. నేను మళ్ళీ పార అందుకుంటే ఆవిడ వద్దంది.

“మా రత్నాన్నైనా అక్కడ మట్టి చేశారా?”

ఆరేళ్ళుగా ఆ మాట అడగడానికి ఆవిడకి మనిషి దొరకలేదు. చేశామమ్మా, సిలువ కూడా పెట్టాం అని చెప్తే పోయేది. నోటిదాకా వచ్చింది. ఆవిడ కళ్ళలోకి చూస్తూ అనలేకపోయాను. రత్నం పోయిన చోటు ఏటి ఒడ్డు. గొయ్యి తీస్తే బురద నిండింది. ఆగే టైము లేదు. పోయిన నలుగుర్నీ కలిపి ఒకే చితి పేర్చాం.

“లేదమ్మా. అక్కడా నీళ్ళే. కాల్చాం. అయ్యేదాకా నేను పక్కనే ఉన్నాను.”

నాకు భయమేసింది. తుపాకుల ముందు కూడా అంత భయపడలేదు. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆవిడ లేచి, మొగుడి మొహం మీద బురద చేత్తోనే తుడిచింది.

“అయితే ఈయన్నీ అట్టాగే చెయ్యండి. బిడ్డని లేపేవాడు తండ్రిని లేపడా?”

కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. తర్వాత మేం పని కానిచ్చాం.

ఆ నెలాఖరుకి మమ్మల్ని వెనక్కి పిలిచారు. బందరులో రైలెక్కాం. గుడివాడ స్టేషన్లో మా నాన్న క్యారేజీ పట్టుకుని నిలబడ్డాడు. ఎంతమందిని కాపాడారురా అని అడిగాడు. అన్నం బాగుంది నాన్నా అన్నాను.

ఆ చేను మాత్రం నన్ను వదల్లేదు. ఆవేళ ప్రార్థన అయ్యాక నేను అగ్గిపుల్ల గీస్తున్నాను. సముద్రపు గాలికి ఆరిపోతోంది. కాల్చొద్దని అడ్డం కూర్చున్న ఆ మనిషే నా పక్కకొచ్చి, తడికొంగు రెండు చేతులా చాపి, మంట అంటుకునేదాకా గాలికి అడ్డం నిలబడింది.