ధ్వని పాఠం చెప్పిన రోజు

డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలో తెలుగు పంతులమ్మగా చేరాను. ఇరవై మూడేళ్ళ వయసు, కోస్తా ఊరి చదువు, దానికి తగ్గ పొగరు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు అలంకారాలు నేర్పి ఉద్ధరిద్దామనుకున్నాను.

ఉపమాలంకారం అడిగితే ఒక పిల్ల లేచి, "మా నాయన మొకం పెనం తీరు నల్లగున్నది" అంది. తామరపువ్వు, చందమామ కోసం ఎదురుచూస్తున్న నాకు ఒళ్ళు మండింది. కానీ ఏం తప్పు పట్టను? నాయన మొకం ఉపమేయం, పెనం ఉపమానం, 'తీరు' ఉపమావాచకం, నలుపు సమానధర్మం. నాలుగూ ఉన్నాయి. అతిశయోక్తికి ఇంకో పిల్ల, "మా అవ్వ కోపానికొస్తే పొయ్యి లేకుండనే అన్నం ఉడుకుతది" అంది. నేనూ నవ్వేశాను.

ఆ రోజు పాఠం ధ్వని. మాటలు పైకి చెప్పేది వాచ్యం, చెప్పకుండానే మనసుకు తెలిసేది ధ్వని అన్నాను. "అమ్మ ఆకాశంలో మబ్బు చూసి 'మొగులైంది' అంటే ఏం చేస్తారు?" అని అడిగాను. "దండెం మీది బట్టలు తీస్తం టీచర్" అన్నారందరూ. అంతే, అదే ధ్వని. చాలా బాగా చెప్పానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

బడి వదిలేసరికి ఒక పిల్లకు జ్వరం కాస్తుంటే దవాఖానకు తీసుకెళ్ళాను. అక్కడ బెంచీ మీద మా పక్క క్వార్టరాయన కూర్చున్నాడు. గనిలో బొగ్గు కొట్టే మనిషి. పొద్దుటి షిఫ్టులో బొగ్గు మోసే టబ్బుల మధ్య చెయ్యి పడి రెండు వేళ్ళు నలిగాయట. "ఏం ఫికర్ లేదు టీచరమ్మా. కట్టు కట్టంగనే వస్త. మా ఇంట్ల జర చెప్పుండ్రి" అన్నాడు. ఇంతలో ఆయన్ని లోపలికి పిలిచారు. అన్నం డబ్బా బెంచీ మీదే మర్చిపోయాడు. పిల్లను వాళ్ళమ్మకు అప్పగించి, డబ్బా ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని దాన్ని పట్టుకుని బయల్దేరాను.

ఆయన భార్య గడప దగ్గర చాటలో బియ్యం ఏరుతోంది. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఊరు కొత్తని నాకు కూర పంపని రోజు లేదు. ఆమె భయపడకూడదని నవ్వుతూనే వెళ్ళి, "అక్కా, ఏం కాలేదు, వేళ్ళకు కాస్త..." అన్నాను.

ఆమె నా మొహం చూడలేదు. డబ్బా చూసింది. చాట జారిపోయింది. రెండు చేతులూ తెచ్చి దర్వాజకేసి కొట్టుకుంది. గాజులన్నీ పగిలి గడప మీద రాలాయి.

"బతికే ఉన్నాడక్కా" అని ఎంత మొత్తుకున్నా ఆ ఏడుపులో ఎవరికీ వినబడలేదు. ఎదురింటి అవ్వ నా జబ్బ పట్టుకుని గుంజింది. "డ్యూటీకి పోయినోని డబ్బా పరాయి చేతులల్ల ఇంటికి రావద్దు బిడ్డా. మనిషి పోతెనే డబ్బా ఒక్కటి వస్తది. ఇంత సదువుకున్నవ్, గిది తెల్వదా?"

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నేనే. దవాఖానలో ఆయన అన్న మాటలు నేను అవ్వకు చెప్పాను; అవి అక్కకు చెప్పి నమ్మించడానికి అవ్వకు చాలాసేపు పట్టింది. నమ్మాక అక్క ఏడుపు ఆపి తన బోసి చేతులు చూసుకుంది. మొగుడు బతికుండగా తన చేత్తో తనే గాజులు పగలగొట్టుకుంది. "ఆయనకు ఏమన్న అయితే నా పాపమే" అంటూ చేతులు కొంగులో దాచుకుని లోపలికి పరుగెత్తి తలుపు వేసుకుంది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అప్పుడే రిక్షా వచ్చి ఆగింది. ఆయన దిగాడు, చేతికి ఇంత కట్టు. నా చేతిలో డబ్బా చూశాడు, గడప మీద గాజు పెంకులు చూశాడు, మూసిన తలుపు చూశాడు. తిడతాడని తల వంచుకున్నాను. తిట్టలేదు. వెనక్కి తిరిగి రోడ్డు పక్క బండ మీద కూర్చున్నాడు, ఇంటికి వీపు పెట్టి.

"టీచరమ్మా, జల్ది పోయి గాజులు తేండ్రి. నేనింకా ఇంటికి రాలే" అన్నాడు.

బజారుకు పరుగెత్తి డజను ఆకుపచ్చ గాజులు తెచ్చాను. అవ్వ తలుపు తీయించి నన్ను లోపలికి తీసుకెళ్ళింది. తొడుగుతుంటే నా తొందరకు రెండు చిట్లాయి. "మెల్లగ, చెల్లె" అంది ఆమె. నన్ను ఓదార్చింది ఆమే.

చివరి గాజు ఎక్కాక అవ్వ బయటికెళ్ళి ఆయన భుజం తట్టింది. ఆయన లేచాడు, దగ్గాడు, రోజూలాగే తలుపు నెట్టి లోపలికి వచ్చాడు. ఆమె మొహం కేసి గానీ చేతుల కేసి గానీ చూడలేదు.

"నీళ్ళు కాగినయా?" అని అడిగాడు.

"కాగినయ్" అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. పొయ్యి ఇంకా అంటించనే లేదు.