రెండు బకెట్ల వేడినీళ్లు

నేను సినిమా పాటల్లో గ్రూప్ డాన్సర్‌ని. నాకు ఫైబ్రోమయాల్జియా ఉంది. పరీక్షల్లో ఏమీ కనబడదు కానీ ఒళ్లంతా నొప్పులే. వేడినీళ్లు పోసుకుంటే కాస్త హాయి.

రెండేళ్ల క్రితం, కృష్ణానగర్‌లో నాతో గదిలో ఉండే స్వరూపకూ నొప్పులు, నీరసం, కాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. తనూ డాన్సరే.

"డాక్టర్‌కు చూపించుకుంటా అక్కా" అంది.

"ఇది నాకున్నదే. డాక్టర్లు చేసేదేం లేదు. డాన్స్ మాస్టారికి తెలిస్తే ముందు వరుసలోంచి తీసేస్తారు" అన్నాను. నా మాట నమ్మి ఆరు నెలలు నొప్పితోనే ఆడింది.

ఒక ఆదివారం తను మరీ నీరసపడితే, నేనే హీటర్ పెట్టి రెండు బకెట్ల నీళ్లు కాచాను. కాసేపటికి స్నానాల గదిలోంచి కేక వినిపించింది.

"అక్కా, కాళ్లు నిలుస్తలేవు! కండ్లు మసకైతున్నయ్!"

తలుపు తోసి చూస్తే నేలమీద పడి ఉంది.

స్కాన్‌లో మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. "మొదట్లో నీకున్న జబ్బూ ఇదీ ఒకేలా అనిపిస్తాయమ్మా. కానీ ఇది నరాల పైపొరను తినేస్తుంది. వేడి తగిలితే లక్షణాలు ఎక్కువవుతాయి. స్నానం వల్ల జబ్బు రాలేదు. ముందే తీసుకురావలసింది" అన్నారు డాక్టర్.

స్వరూప ఇప్పుడు మోతీనగర్‌లో వాళ్లమ్మ దగ్గర ఉంది. కర్ర పట్టుకుని నడుస్తోంది. ఫోన్ చేసినప్పుడల్లా ముందు తనే అడుగుతుంది.

"నొప్పులెట్లున్నయ్ అక్కా? వేడినీళ్లు పోసుకుంటున్నవా?"

పోసుకుంటున్నానని చెబుతాను. ఆ ఆదివారం నుంచి నేను హీటర్ ముట్టలేదు.