దవాఖాన తీర్థం

శంషాబాద్ పక్క ఊళ్లో ఒక్కపొద్దులకు అమృతమ్మ పెట్టింది పేరు. ఉపవాసమంటే మంచినీళ్లు కూడా ముట్టదు. కొత్త విమానాశ్రయం తెరిచిన రోజున, నెత్తిమీంచి పోయే విమానం తమ రేకుల ఇంటి మీద పడకూడదని ఒక్కపొద్దు ఉంది. పడలేదు. ఇక ఆమెకు ఎదురు చెప్పే మొనగాడెవడు?

కొన్నేళ్లకు ఆ మనిషికే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు తేలాయి, ఆపరేషన్ చెయ్యాలన్నారు. అటు కూతురు సరితకు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డను కాళ్ల మీద వేసుకుని తానే స్నానం చేయించాలని అమృతమ్మ ఆశ. అదే ఆపరేషనైన పక్కింటి అనంతమ్మ వాంతులతో, నీరసంతో చాలా రోజులు మంచం దిగలేదు. తనకూ అలాగే అయితే? ఆ భయానికి ఆమెకు తెలిసిన విరుగుడు ఒక్కటే, గట్టి ఒక్కపొద్దు.

ఆపరేషన్ రోజు పొద్దున దవాఖానలో డాక్టరు మనీషా ఒక సీసా తెచ్చి చేతిలో పెట్టింది.

"అన్నం వద్దండీ. ఆపరేషన్‌కు ఇంకా రెండు గంటలుంది కాబట్టి ఈ తియ్యటి నీళ్లు మాత్రం ఇప్పుడే తాగేయండి. ఒళ్లు తొందరగా తేరుకుంటుంది."

డాక్టరు అటు తిరగగానే అమృతమ్మ ఆ సీసాను భర్త గోపయ్యకిచ్చింది.

"తాగారా?" అంది డాక్టరు మళ్లీ వచ్చి.

"మంచిగున్నయ్ మేడం, పానకం లెక్క," అన్నాడు గోపయ్య మూతి తుడుచుకుంటూ.

"ఆపరేషన్ మీకా, ఆవిడకా?" డాక్టరుకు నవ్వాగలేదు. ఆమె ఆపరేషన్ వంతు వెనక్కి జరిపించి, ఇంకో సీసా తెప్పించింది.

"ఒక్కపొద్దు ఇడువ మేడం. బిడ్డ కాన్పు నాటికి లేచి తిరగాలని మొక్కిన," అంది అమృతమ్మ.

గోపయ్యకు చిర్రెత్తింది. "ఏందే నీ పరేషాన్! తీర్థం తాగితే ఒక్కపొద్దు చెడుతదా? గిది దవాఖాన తీర్థం అనుకో!"

అమృతమ్మ ఆలోచనలో పడింది. తీర్థమైతే సీసాతో తాగరు కదా. కుడి అరచెయ్యి గుంటగా చేసి చాచింది. గోపయ్య పోస్తూనే ఉన్నాడు, ఆమె జుర్రుతూనే ఉంది. తాగినప్పుడల్లా తడిచెయ్యి నెత్తికి రాసుకుంది. సీసా ఖాళీ అయ్యేసరికి జుట్టంతా జిగట.

ఆపరేషనయ్యాక సాయంత్రానికి వాంతి లేదు, తల తిరుగుడు లేదు. "చాయ్ ఏది?" అని మొగుణ్ణి కసిరింది. ఆ కసురుతో గోపయ్యకు ప్రాణం లేచొచ్చింది. అదంతా సీసా చలవంది డాక్టరు. ఒక్కపొద్దు మహిమంది అమృతమ్మ. గోపయ్య ఇద్దరికీ తలూపాడు.

నెల తిరిగాక సరితకు ఆడపిల్ల పుట్టింది. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పసిదాన్ని పడుకోబెట్టుకుంది అమృతమ్మ. ఆ మెత్తని ఒళ్లు తగలగానే ఆమెకు కన్నీళ్లాగలేదు.

"బాపూ, అమ్మ పొద్దుగాల్నుంచి ఏం తినలే," అంది సరిత.

"ఇయ్యాల ఒక్కపొద్దు," అంది అమృతమ్మ. పిల్లను ఎడమచేత్తో పొదివి పట్టుకుని, కుడి అరచెయ్యి గోపయ్య వైపు చాచింది.

"ఏం జూస్తున్నవ్? జర చక్కెర నీళ్లు పొయ్యి!"