నాలుగున్నర గంటల దూరంలో అక్క

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు మొదటి నుంచీ చిరాకు. మా పుల్లలచెరువు అడవి దారిలో ఏదో కనపడిందని ఎవరన్నా చెబితే, తాగి ఉంటావులే అని మొహం మీదే అనేవాణ్ణి. ఇప్పుడు నేనే చెబుతున్నాను. మీరు నమ్మకపోయినా ఏమీ అనుకోను.

కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేస్తున్నాను. అమ్మా నాయనా చిన్నప్పుడే పోయారు. మిరపకాయల కోతకు పోయి నన్ను పెంచింది మా అక్కే. పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం బావ ఫోన్ చేసి, అక్క పోయిందన్నాడు.

మా ఇళ్ళల్లో పెళ్ళయిన ఆడమనిషి పోతే, పుట్టింటి చీర కప్పందే శవపెట్టె మూయరు. అక్కకు పుట్టిల్లంటే నేనొక్కణ్ణే. సెలవుకి వచ్చేటప్పుడు ఇద్దామని కొన్న చీర గదిలోనే ఉంది. ఎర్రంచు పచ్చ చీర. దాన్ని చేతిసంచిలో పెట్టుకుని తెల్లారుజామున విమానం ఎక్కాను. తనిఖీలో ఆ చీరను విప్పి మరీ చూశారు.

హైదరాబాద్‌కి మూడు వేల కిలోమీటర్ల పైనే. గాల్లో నాలుగున్నర గంటలు. అక్కణ్ణుంచి కారులో ఇంకో ఆరు గంటలు. పొద్దు గుంకేలోపు వస్తాను, ఆపమని బావకు చెప్పాను.

తలుపులు మూశాక దుమ్ము తుఫాను లేచింది. విమానం కదల్లేదు. నాది కిటికీ సీటు. పక్కన ఇద్దరు లావుపాటి మనుషులు నిద్రపోతున్నారు. దిగిపోతానంటే కుదరదన్నారు, లేస్తే కూర్చోమన్నారు. ఎదురుగా తెర మీద, పోవలసిన దూరం అంకె మారకుండా అట్లాగే ఉంది. సంచి కాళ్ళ దగ్గర పెట్టి, దాని పట్టీ కాలికి చుట్టుకున్నాను.

కొన్ని గంటల తర్వాత బావ ఫోన్ చేశాడు.

"ఈ ఎండకు ఇంక ఆపలేమురా. తీసేస్తన్నాం."

ఏడుస్తూ కూర్చున్నాను. కన్ను మాత్రం మూయలేదు. ఆ తర్వాతెప్పుడో విమానం లేచింది.

హైదరాబాద్‌లో కారెక్కి సంచి తెరిస్తే చీర లేదు. కువైట్‌లో నా గదిలో ఉండే అతనికి ఫోన్ చేసి వెతికించాను. అక్కడా లేదు.

అక్క ఇంటికి చేరేసరికి చీకటి పడింది. అప్పుడే వచ్చినవాణ్ణి చూసినట్టు ఎవరూ నన్ను పట్టుకుని ఏడవలేదు. మా పెద్దమ్మ మాత్రం దగ్గరికొచ్చింది.

"పచ్చ చీర నీ చేత్తోనే కప్పినావు, దాని నుదుటి మీద ముద్దు పెట్టినావు. అంతలోకే యాడికి పోయినావు నాయనా?"

బావను అడిగితే, నాతో ఫోన్ మాట్లాడిన కాసేపటికే ఆయనా నన్ను చూశానన్నాడు. టికెట్ చూపించాను. ఆయన దాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు. ఎవరో ఫోన్‌లో తీసిన ఫొటో తెచ్చి చూపించారు. అందులో నేను లేను. పెట్టెలో అక్క మీద ఎర్రంచు పచ్చ చీర ఉంది. అప్పటికే ముఖం మీదికి కప్పేశారు.

ఇది ఎట్లా జరిగిందో నాకు ఇప్పటికీ తెలీదు. పాస్టరు గారు దేవుడి దయ అన్నారు. కావచ్చు. ఊరంతా చూస్తుండగా అక్కను సాగనంపింది నేనేనంట. నేను మాత్రం మా అక్క ముఖం చూసుకోలేదు.