దీర్ఘం లేని పాట

ఆ రోజుల్లో బెంగళూరులో కంప్యూటరు ముందు కూర్చుంటే చాలు, ఏ పనైనా జరిగిపోతుందని అందరూ నమ్మేవాళ్ళు. నేను ఇంకాస్త ఎక్కువ నమ్మాను. యలహంకలో మా తెలుగు చర్చివాళ్ళం ఆరుగురం కలిసి పెళ్ళిపాటల బృందం ఒకటి పెట్టాం. కీబోర్డు మా పిన్ని కూతురిది, ధైర్యం నాది. (గొంతు ఎవరిదని అడగకండి.) ఎన్నాళ్ళైనా ఒక్క పెళ్ళికీ పిలుపు రాలేదు. చివరికి పాస్టరుగారు, "అమ్మా, ఈస్టర్ లోపల ఒక్క పెళ్ళైనా రాకుంటే మీరు ప్రాక్టీస్ చేసే గది సండేస్కూలుకి ఇచ్చేస్తాను. పిల్లలు వరండాలో ఎండకు మాడిపోతున్నారు" అన్నారు. ఆ గది పోతే బృందం పోయినట్టే. మాలో ఎవరింట్లోనూ ఆరుగురు నిలబడి నోరు తెరిచేంత చోటు లేదు.

స్నేహితుల్ని వెతికిపెట్టే సైటు ఒకటి అప్పుడే కొత్తగా వచ్చింది. స్కూల్లో నేను చెప్పే పాఠాలు ముగియగానే నెట్ సెంటరుకు పరుగెత్తి, మన తెలుగు అమ్మాయిల్లో ఎవరికి పెళ్ళి కుదిరిందో వాళ్ళ పేజీలన్నీ గాలించేదాన్ని. (దీన్ని ఇప్పుడు మార్కెటింగ్ అంటారట. అప్పుడు మా అమ్మ వేరే మాట అనేది.) దొరికిన ప్రతి పెళ్ళికూతురికీ ఒక మెసేజ్. అక్కడి కంప్యూటర్లో తెలుగు లేదు కనుక తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని: "అక్కా, మీ పెళ్ళికి మేము ఆరుగురం వచ్చి పాడతాము. డబ్బు వద్దు, భోజనం చాలు." మొదటి పెళ్ళికి ఉచితంగా పాడదామన్నది పిన్ని కూతురి సలహా. చాలామంది పలకలేదు. ఒక దొడ్డబళ్ళాపురం అమ్మాయి మాత్రం జవాబిచ్చింది: "తప్పకుండా రండి. మా నాన్న మీకోసం గేటు దగ్గరే నిలబడి ఉంటారు."

నేను ఉప్పొంగిపోయాను. పెళ్ళికూతురి తండ్రి అంతటివాడు మాకోసం గేటు దగ్గర కాచుకుని ఉండటమంటే మాటలా? ఆరుగురం ఒకే రంగు బట్టలు వేసుకుని, కీబోర్డును పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళాం. ఆయన నిజంగానే చర్చి గేటు దగ్గరున్నారు. చొక్కా చేతులు పైకి మడుచుకుని ఉన్నారు. అటొకరు ఇటొకరు బావమరుదులు.

"ఎవురప్పా మీరు? వచ్చి పడే ఆర్గురూ మీరేనా?"

నేను ఒళ్ళంతా వినయంగా నమస్కారం పెట్టాను. "మేమే అంకుల్."

"ఎంత ధైర్యం ఉండాది మీకు. పిలవని పెండ్లికి వచ్చి పడ్తామని ముందుగానే రాస్తారా? పైగా దుడ్డు వద్దంట, భోజనం చాలంట."

పిన్ని కూతురికి ముందు వెలిగింది. "అంకుల్, అది పడతాము కాదు, పాడతాము. ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘం తెలియలేదు" అంది.

ఆయన కీబోర్డు వంక చూశారు, మా వంక చూశారు. "పాడేవాళ్ళే ఐతే ఈడనే పాడండి, చూస్తాం."

నడిరోడ్డు మీద కీబోర్డుకు కరెంటు ఎక్కడిది? ఉత్త గొంతులతోనే ఎత్తుకున్నాం. మొదటి చరణంలో నా శ్రుతి ఎటో పోయింది. రెండో చరణానికి బావమరుదులు తాళం వేయడం మొదలుపెట్టారు. మూడో చరణానికి పెళ్ళికూతురే తెల్లచీర కుచ్చెళ్ళు పట్టుకుని గేటు దాకా వచ్చేసింది. ఆయన చొక్కా చేతులు కిందికి దించుకున్నారు.

"లోపల నిల్చుకొని పాడండమ్మా. అన్నం తినకుండా పోతే మాత్రం ఊరుకునేది లేదు."

పెళ్ళిలో పాడాం. ఆ తర్వాత బిర్యానీ దగ్గర మెసేజ్‌లో ఆయన చదువుకున్నదే అక్షరాలా చేసి చూపించాం. ఆయన తన చుట్టాలందరికీ "వచ్చి పడే పిల్లోళ్ళు" అని మా గురించి చెప్పుకున్నారు. అదే పేరుతో పిలుపులు వచ్చాయి. గది మాకే మిగిలింది, సండేస్కూలు కోసం వరండాకు రేకులు వేయించారు. అంత సంతోషం మళ్ళీ ఎప్పుడు కలిగిందో నాకు గుర్తు లేదు.

మొన్న ఆ పెళ్ళికూతురు ఫోనులో మెసేజ్ పెట్టింది. వాళ్ళమ్మాయికి పెళ్ళట. "ఆరుగురూ వచ్చి పాడాలి. నాన్న గేటు దగ్గరే ఉంటారు, ఈసారి కుర్చీ వేసుకుని" అని చక్కటి తెలుగు అక్షరాల్లో రాసింది. మిగతావాళ్ళకు ఫోన్లు చేశాను. ఒకరికి ఆయాసం, ఒకరికి కట్టుడు పళ్ళు. నా గొంతు పిల్లల హాజరు పిలవడానికే సరిపోతోంది. నా ఫోనులో ఇప్పుడు దీర్ఘాలన్నీ ఉన్నాయి. అయినా ఆలోచించి, ఒక దీర్ఘం తీసేసి జవాబు పంపాను: "తప్పకుండా వచ్చి పడతాం."