నెల్లికుదురులో నేను ఓడిన మైలు పందెం

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, ఎండాకాలంలో, నన్ను జనగామ నుంచి మానుకోట పోలీసు క్యాంపుకు బదిలీ చేశారు. మహబూబాబాదును మేము మానుకోట అనే అంటాం. హుకుంలో నా హోదా జవాను, చేయవలసిన పని మాత్రం పరుగు. అప్పట్లో ఆటగాడు బతకాలంటే రైల్వేలోనో, బలగంలోనో కొలువు దొరకాలి. మైలు పందెంలో నేను రాష్ట్రంలో రెండోవాణ్ణి. వచ్చే చలికాలం బొంబాయి పోటీలకు నా పేరు పంపుతామన్నారు. అక్కడ మొదటి ముగ్గురిలో నిలిస్తే హవల్దారు పట్టీలు. ఆపైన కాళ్ళు పనిచేసినన్నాళ్ళు కాపలా డ్యూటీ మాఫీ.

క్యాంపు అధికారి డిప్యూటీ సాబ్ కోస్తా జిల్లాల మనిషి. మేము "గట్లనే సార్" అంటే నాటకం చూసినట్టు నవ్వేవాడు, పక్కవాళ్ళను పిలిచి మళ్ళీ అనిపించేవాడు. ఆయనకు క్రికెట్ పిచ్చి. ఊళ్ళ మీద దాడులు లేని సాయంత్రాలు నేల మీద చాప పరిపించి బ్యాటు పట్టేవాడు. బంతి వేయడం నా పని. ఆయన అవుట్ కాకుండా చూడటం నా అసలు పని. దూరం నుంచి ఉరికొచ్చి, చెయ్యి గిర్రున తిప్పి, ఆఖరి క్షణంలో వేళ్ళు సడలించాలి. చూసేవాళ్ళకు తూటాలా కనిపించిన బంతి సాబ్ దగ్గరికి జామపండులా చేరుతుంది. ఈ విద్య ఏ కోచ్ నేర్పడు, కొలువే నేర్పుతుంది.

అడవిలోని కమ్యూనిస్టు దళాలకు కబుర్లు నెల్లికుదురు వైపు నుంచి అందుతున్నాయని క్యాంపుకు తెలిసింది. ఎవరు మోస్తున్నారో తెలియలేదు. ఒకనాడు పొద్దున్నే సాబ్ నన్ను పిలిచి తన ఆలోచన చెప్పాడు. కబుర్లు అంత జల్దీగా పోతున్నాయంటే మోసేవాడు గట్టి పరుగుగాడై ఉండాలి. ఊళ్ళో మైలు పందెం పెడతాం, నువ్వు ముందుండి ఉరుకు, చివరిదాకా నీ పక్కన నిలిచినవాడే మనకు కావలసినవాడు అన్నాడు. దొరికినవాణ్ణి ఏం చేస్తారని నేను అడగలేదు. అంతకు ముందు దొరికిన ఇద్దరు అడవిలో పారిపోతుండగా కాల్పుల్లో చనిపోయారని రికార్డు. వారిలో ఒకడు కుంటివాడు. పరుగు సంగతి తెలిసినవాణ్ణి కనుక ఆ వివరం నాకు గుర్తుండిపోయింది.

డప్పు చాటింపు వేశారు. దున్నిన చెలకను చదును చేసి సున్నంతో గీత గీశారు. నాలుగు చుట్లు తిరిగితే మైలు. బహుమతి కొత్త ధోవతుల చాపు. ఊరి మగవాళ్ళంతా వరుసలో నిలబడ్డారు. నిలబడకపోతే అదొక అనుమానం. ధోవతుల మీద నిజంగా మనసుపడి వచ్చినవాడు ఒక్కడే, దొరగారి గుమాస్తా. బొజ్జ మీద కండువా బిగించుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు.

మొదటి చుట్టు ఎవరైనా ఉరుకుతారు. రెండో చుట్టు సగమయ్యేసరికి అందరూ వెనకబడ్డారు, ఒక్కడు తప్ప. అతను చెప్పుల్లేకుండా, నోరు మూసుకుని, ముక్కుతోనే ఊపిరి తీస్తూ నా భుజానికి భుజం కలిపి వస్తున్నాడు. ఎన్ని మైదానాలు చూశానో, అటువంటి అడుగు చూడలేదు. కుర్చీలో సాబ్ దూరదర్శిని కళ్ళకు పెట్టుకున్నాడు.

"నీ పేరేంది?" అన్నాను.

"మల్లయ్య. గొర్లు కాస్త."

"మల్లన్నా, జర ఆగు. నాతోని కడదాక వచ్చినోన్ని పట్కపోతరు. దళం మనిషంటరు."

"నేనేం జేసిన?"

"ఉరికినవ్. గంతే."

నాలుగడుగులు అదే వేగంతో వేసి, "నాకు మెల్లగ ఉరుకుడు రాదన్నా" అన్నాడు.

"రాకుంటె ముల్లు గుచ్చిందని కూసో."

కూర్చున్నాడు. వెనక వచ్చేవాళ్ళు అతన్ని దాటుతుంటే ఏదో అన్నాడు. అంతే, నెల్లికుదురు మగవాళ్ళకు ఒక్కసారిగా దగ్గు, ఆయాసం, మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. కానీ మల్లయ్య నాతో సమంగా రావడం సాబ్ చూశాడు. ఇప్పుడు నేను దూసుకుపోతే ఆయన చూపు మల్లయ్యను వదలదు. ఈవేళ నా కాళ్ళే బాగాలేవు, నా పక్కన ఎవరైనా ఉరకగలరు అనిపించాలి. డొక్క పట్టుకున్నాను. సాబ్ బ్యాటు ముందు నేర్చుకున్న విద్యంతా బయటికి తీశాను. చేతులు రైలింజను, కాళ్ళు ఎడ్లబండి.

ఎవరూ ఏమీ చెప్పనిది గుమాస్తాకే. రొప్పుతూ, రోజుతూ, గీత దగ్గర నన్ను దాటి గెలిచాడు. దొర మనిషి కోసం ఆ ఊరు అంత ఆనందంగా ఈలలు వేయడం అదే మొదటిసారి అయి ఉంటుంది.

హుకుం ముందే ఇచ్చి ఉంది. జవాన్లు గుమాస్తాను కొత్త ధోవతులతో సహా పట్టుకున్నారు. "నేను దొర మనిషిని" అని అరిచాడు. "అందరు గదే అంటరు" అని జమాదారు చేతులు కట్టాడు. మధ్యాహ్నం దొర వచ్చి చిందులు తొక్కేదాకా అతన్ని విప్పలేదు.

గుమాస్తా చేతిలో ఓడిపోయావా అని సాబ్ అడిగాడు. "గట్లనే సార్" అన్నాను. ఈసారి నవ్వలేదు. నా ఊపిరితిత్తులు చెడ్డాయని పైకి రాశాడు. బొంబాయి జాబితాలో నా పేరు పోయింది. రేగొండ దాటి భూపాలపల్లి అడవిలో ఔట్‌పోస్టు కాపలాకు పంపారు. చలికాలంలో ఆ పోటీల ఫలితాలు పేపర్లో చూశాను. మూడోవాడి కంటే నేను మానుకోటలో ప్రాక్టీసుకే జల్దీగా ఉరికేవాణ్ణి. బాధ లేదంటే అబద్ధం. చాలా రోజులు అన్నం సయించలేదు. మళ్ళీ పోటీకి దిగలేదు.

పోరాటం విరమించాక జనగామ స్టేషన్లో మల్లయ్య కనిపించాడు, చాయ్ తాగించాడు. ఇంతకూ కబుర్లు మోసింది నువ్వేనా అని అడిగాను.

"నేనేడ మోసిన అన్నా? మా అవ్వ మోసింది. నెత్తిన చల్లకుండ పెట్టుకొని మీ క్యాంపు ముంగట నుంచే పోయేది. ఉరికితె అనుమానపడ్తరని ఎన్నడు ఉరకలె."

ఆటను నమ్ముకుని కొలువులో చేరేవాళ్ళకు ఈ అనుభవం నుంచి నేను చెప్పగలిగింది ఇంతే. పందెం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో కనుక్కుని గీత దగ్గర నిలబడండి. ఎంత జల్దీగా ఉరకాలన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.